ఇంజను వేరు, పెట్టె వేరు

వాదిస్తున్న ఇద్దరూ ఖమ్మం వాళ్లే. మామయ్య నాగార్జునసాగర్ ఎడమ కాలువ పనుల్లో మెకానిక్కుగా చేరి, ఫోర్‌మన్‌గా రిటైరయ్యాడు. అల్లుడు మట్టిపని కాంట్రాక్టరు. ప్రొక్లెయినర్లు, టిప్పర్లు ఉన్నవాడు, వాటి కిస్తీలూ ఉన్నవాడు. ట్రాక్టరు వెనక తగిలించి మట్టి తోలే పాతకాలపు డంపింగ్ ట్రాలీల దగ్గర ఇద్దరికీ పడదు.

అల్లుడు: సూటిగా అడుగుతాను మామయ్యా. తనంతట తాను అంగుళం కదలలేని పెట్టెను యంత్రమని ఎలా అంటారు? టిప్పరంటే యంత్రం. ఇంజను దానిదే, బ్రేకులు దానివే, జాకీ దానిదే. ట్రాలీకి ఏముంది? ఎవరో ఒకరు వచ్చి లాగాలి. ఆ అమెరికా పాత ఫొటోలు చూసి మీరు మురిసిపోతుంటారు గానీ, సరైన లారీ తయారయ్యేలోపు జనం చేసుకున్న సర్దుబాటు అది. అంతకంటే ఏం లేదు.

మామయ్య: లారీ వచ్చి వందేళ్లు దాటింది. ఆ సర్దుబాటు మన ఊరి చెరువులో ఇవాళ కూడా మట్టి తోలుతూనే ఉంది. పోనీ మొదటి నుంచీ చూద్దాం. 1883లో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో జేమ్స్ పోర్టియస్ అనే ఆయన గుర్రాలు లాగే మట్టి స్క్రేపర్‌కు పేటెంటు తీసుకున్నాడు. వెనక నడిచే మనిషి పిడి ఎత్తితే అంచు నేలలోకి దిగి మట్టి తీస్తుంది, పిడి అదిమితే నిండిన తొట్టి నేల మీద జారుతూ పోతుంది. కాస్త దూరం మోయాల్సిన చోట కంచరగాడిదలు లాగే బండ్లు ఉండేవి. వాటి అడుగున రెండు తలుపులు, తలుపులకు గొలుసు. గొలుసు వదిలితే మట్టి కింద పడిపోతుంది. తర్వాత గాడిదలు పోయాయి, ట్రాక్టరు వచ్చింది. లాగేది మారింది గానీ పెట్టెను ఎవరూ పారెయ్యలేదు. నీ టిప్పర్‌లో ఇంజను చస్తే పెట్టె కూడా షెడ్డుకే.

అల్లుడు: ఇంజను చస్తే బాగుచేయించుకుంటాను. అది వాదన కాదు. ట్రాక్టరు వచ్చాక కూడా పెట్టెను వేరుగా ఎందుకు ఉంచారో చెప్పండి.

మామయ్య: బురద వల్ల. 1927లో మిసిసిపీ నదికి వచ్చిన వరదలో 70 వేల చదరపు కిలోమీటర్ల నేల మునిగింది. మరుసటి ఏడాదే అమెరికా ప్రభుత్వం చట్టం చేసి, నది వెంబడి కరకట్టలు పెంచే పని మొదలుపెట్టింది. ఆ పని జరిగే నేల ఎలాంటిదో ఊహించుకో. నది ఒడ్డు, ఒండ్రు మట్టి, కాలు పెడితే దిగబడిపోయే చోటు. ఆ రోజుల లారీకి సన్నటి చక్రాలు, చాలావాటికి గట్టి రబ్బరు టైర్లు. అది అక్కడికి వెళ్తే దాన్ని లాగడానికి ఇంకో బండి కావాలి. గొలుసు చక్రాల మీద నడిచే క్యాటర్‌పిల్లర్ ట్రాక్టరు మాత్రం వెళ్లగలదు. అయితే ట్రాక్టరు వెళ్లినంత మాత్రాన సరిపోదు, దాని వెనక బండి కూడా దిగబడకూడదు కదా. షికాగోలో ఏథీ అనే కంపెనీ ఆ కిటుకు పట్టుకుంది. బండికి చక్రాల బదులు ట్రాక్టరుకు ఉన్నట్టే గొలుసు పట్టాలు పెట్టింది. వాటికి ఇంజను బలం లేదు, లాగితే ఊరికే తిరుగుతాయి, అంతే. తన దారి తనే పరుచుకుంటూ పోయే బండి!

అల్లుడు: గొలుసు పట్టాల సంగతి నాకు చెప్పకండి. ప్రొక్లెయినర్ పట్టాల పిన్నులకు, రోలర్లకు నేనెంత కడుతున్నానో నాకు తెలుసు. ఇసుక కలిసిన బురదలో రోజంతా ఈడిస్తే పిన్నూ బుష్షూ అరిగి పట్టా వదులవుతుంది. పైగా ఆ వేగం ఎంత? మనిషి గట్టిగా నడిస్తే దాన్ని దాటిపోతాడు.

మామయ్య: గంటకు ఐదారు కిలోమీటర్లు. ఒప్పుకుంటాను. కానీ వేగం లెక్క వేసే ముందు లాగుడు లెక్క వెయ్యి. గట్టి రోడ్డు మీద ఒక టన్ను బరువును దొర్లించాలంటే 20 కిలోల లాగుడు చాలు. మెత్తని గతుకుల నేల మీద అదే టన్నుకు 100 కిలోలు, అంతకంటే ఎక్కువ కూడా కావాలి. నిండితే 10 టన్నులు తూగే బండికి అక్కడ 200 కిలోలైతే ఇక్కడ 1000. ఎక్కుడు ఉంటే నూటికి ఒక అడుగు ఎత్తుకు టన్నుకు మరో 10 కిలోలు. నేలకు పట్టు ఉన్నదే లాగగలదు. లారీకి ఎంత పెద్ద ఇంజను పెట్టినా చక్రం తిరుగుతుంది, బండి కదలదు. మన చెరువులో నీ టిప్పర్ వెనక చక్రాలు తిరిగిన కొద్దీ గొయ్యి తవ్వుకోవడం నేను చూడలేదా?

అల్లుడు: చూశారు. ప్రొక్లెయినర్ బకెట్‌తో నెట్టించి బయటికి తీసిందీ చూశారు. సరే, బురదలో మీ మాటే నిజం. కానీ ఆ కరకట్టల ఫొటోల్లో మీకు కనిపించనిది ఒకటుంది. అక్కడి పని శిబిరాల్లో నల్లజాతి కూలీలను ఎలా పెట్టారో మీరెప్పుడూ చెప్పరు. 1932 చివర్లో రాయ్ విల్కిన్స్, జార్జ్ స్కయ్లర్ అనే ఇద్దరు కూలీల వేషంలో ఆ శిబిరాలకు వెళ్లి చూసి వచ్చారు. గంటకు పది సెంట్లు, రోజుకు పన్నెండు గంటలు. మీ ఏథీ బండ్లు ఉరికిన కాలంలోనే, అదే కట్టల మీద గాడిదలూ మనుషులూ అలా బతికారు. యంత్రం గొప్పది అంటున్నప్పుడు అది ఎవరి చెమట పక్కన నిలబడిందో కూడా చెప్పాలి కదా.

మామయ్య: చెప్పాలి. అయితే నువ్వా మాటతో ట్రాలీని కొట్టలేవు. యంత్రం ఉన్నా అంత తక్కువ కూలికి మనిషి దొరుకుతుంటే కాంట్రాక్టరు యంత్రం కొనడు. మనకు తెలియనిదేముంది? సాగర్ ఆనకట్టకు 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలింది. 124 మీటర్ల ఎత్తున రాతి కట్టడం. రాయి మీద రాయి మనుషులే పేర్చారు. కాలువ పనులైతే గడ్డపార, పార, తట్ట. పాలమూరు కూలీలు లేని ప్రాజెక్టు ఉందా ఈ దేశంలో? యంత్రాలు దొరక్క అలా చేయలేదు. విదేశీ మారకం తక్కువ, మనుషులు ఎక్కువ, పని అందరికీ దొరకాలి అని తెలిసే చేశారు.

అల్లుడు: ఆ కూలీల లెక్క ఎలా కట్టేవారో మీరే నాకు చిన్నప్పుడు చెప్పారు. తవ్విన గుంతలో అక్కడక్కడా మట్టి దిమ్మెలు వదిలేవారు. పైన గడ్డి కూడా అలాగే ఉంచేవారు, అదే అసలు నేల మట్టం అని గుర్తుగా. ఆ దిమ్మె ఎత్తు కొలిస్తే గుంత లోతు, దాన్ని బట్టి కూలి. దొంగతనంగా దిమ్మె మీద ఇంకో పెళ్ల పెట్టి ఎత్తు పెంచేవాళ్లు ఉండేవారని, మీ మేస్త్రీ గడ్డి వేళ్లు లాగి చూసేవాడని చెప్పారు.

మామయ్య: వేళ్లు కిందిదాకా దిగి ఉంటే నిజం దిమ్మె. పెళ్ల పెట్టినదైతే చేతిలోకి ఊడి వస్తుంది. కానీ కూలీని మోసగాడనే ముందు కాంట్రాక్టరునూ చూడు. తవ్వక ముందు ఒక క్యూబిక్ మీటరున్న మట్టి, తవ్వి పోస్తే ఒకటింబావు అవుతుంది. కట్ట మీద రోలర్ తిప్పితే మళ్లీ దిగిపోతుంది. ట్రాలీలో కొలిచి డబ్బు తీసుకునేవాడు ఉబ్బిన మట్టికి తీసుకుంటాడు, గుంతలో కొలిచి కూలి ఇచ్చేవాడు గట్టి మట్టికి ఇస్తాడు. ఆ తేడా ఎవరి జేబులోకి పోయేదో నీ వృత్తి వాళ్లకే తెలియాలి.

అల్లుడు: నా వృత్తిని వదిలిపెట్టండి. పనితనం మాట్లాడదాం. టిప్పర్ జాకీ ఎత్తి వెనక్కి కుమ్మరిస్తుంది, పని అయిపోతుంది. మీ అడుగు తలుపుల బండి ఏం చేస్తుంది?

మామయ్య: నువ్వు అక్కడికి వస్తావనే ఎదురుచూస్తున్నాను. కట్ట వెయ్యడమంటే మట్టి కుప్పలు పోయడం కాదు. అడుగులోపు మందాన పొర పరచాలి, నీళ్లు చల్లాలి, రోలర్ తిప్పాలి, ఆ పైన ఇంకో పొర. నీ టిప్పర్ ఆగాలి, వెనక్కి రావాలి, ఎత్తాలి, నిలువెత్తు కుప్ప పొయ్యాలి, దించాలి. తర్వాత ఆ కుప్పను డోజర్ పరచాలి. అడుగు తలుపుల బండి ఆగదు. ట్రాక్టరు నడుస్తుంటేనే డ్రైవరు తాడు లాగుతాడు, తలుపులు తెరుచుకుంటాయి, నిడుపాటి గట్టులా మట్టి వెనక పడుతూ పోతుంది. కట్ట చివర దాకా వెళ్లేసరికి బండి ఖాళీ. గ్రేడరో డోజరో ఒక్కసారి తిరిగితే పొర తయారు. తలుపులు మూయడానికి చిన్న విన్చీ, తీగ. ఆ తీగ చుట్టుకునే కటకట శబ్దం వింటే వెనక్కి తిరిగి చూడక్కర్లేదు, మూసుకున్నాయని డ్రైవరుకు తెలుస్తుంది.

అల్లుడు: ఆ తలుపుల సందులో ఒక బండరాయి ఇరుక్కుంటే? జిగట మట్టి తలుపులకే అంటుకుపోతే? నల్లరేగడి తడిగా ఉన్నప్పుడు టిప్పర్ తొట్టిని నిలువునా ఎత్తినా ముద్ద జారదు, మనిషిని పెట్టి పారతో గీకిస్తాం. అడుగు తలుపులతో ఇంకేం చేస్తారు?

మామయ్య: అందుకే రాతిపనికి వెనక్కి కుమ్మరించేవి, పక్కకు కుమ్మరించేవి వేరుగా చేశారు. ఏ మట్టికి ఆ పెట్టె. ట్రాక్టరు మాత్రం ఒకటే. అసలు సంగతి అదే అల్లుడూ! ఆర్.జి. లెటర్నో పేరు విన్నావుగా? 1888లో పుట్టి చిన్నతనంలోనే బడి మానేసిన మనిషి. ట్రాక్టరు లాగే స్క్రేపర్లను తీగలతో నడిపించాడు, 1932లో వాటికి గాలి టైర్లు వేశాడు. 1938లో టోర్నాపుల్ అని ఒకటి తెచ్చాడు. రెండే చక్రాల మీద ఇంజను. వెనక ఏదో ఒకటి తగిలించకపోతే అది నిలబడను కూడా నిలబడదు. స్క్రేపర్ తగిలిస్తే తవ్వుతుంది. రాతి పెట్టె తగిలిస్తే రాయి మోస్తుంది. క్రేన్ తగిలిస్తే బరువులెత్తుతుంది. క్యాటర్‌పిల్లర్ వాళ్లు కూడా 1940లలో డీడబ్ల్యూ10 అనే రబ్బరు చక్రాల ట్రాక్టరు ఇందుకే చేశారు. వంద హార్స్‌పవర్ అటూ ఇటూగా ఉండే ఇంజను, గంటకు 30 కిలోమీటర్ల దరిదాపు వేగం. వెనక స్క్రేపర్ కావాలంటే స్క్రేపర్, బండి కావాలంటే ఏథీ బండి.

అల్లుడు: అవన్నీ ఏమయ్యాయి? అది చెప్పండి. హూవర్ డ్యామ్ కట్టినప్పుడు, 1930ల మొదట్లోనే, కొండ సొరంగాల్లోంచి రాయి బయటికి తెచ్చింది మాక్ లారీలు. ట్రాలీలు కాదు. 1934లో యూక్లిడ్ వాళ్లు రోడ్డు లారీకి పెట్టె బిగించడం మానేసి, రాయి మోయడానికే పుట్టిన డంపర్ చేశారు. అక్కడి నుంచి దారి నేరుగా మన సింగరేణి దాకా వస్తుంది. ఓపెన్‌కాస్టు గనికి వెళ్లి చూడండి, 100 టన్నుల డంపర్లు. గనిలోంచి పైకి వచ్చే ఆ ఎక్కుడులో మీ రెండు చక్రాల ఇంజను వెనక ఎంత పెద్ద పెట్టె తగిలిస్తారు? బరువంతా వెనక పెట్టె చక్రాల మీద పడితే లాగే చక్రాలకు పట్టెక్కడిది? డంపర్‌లో బరువులో ఎక్కువ భాగం నేరుగా నడిపే చక్రాల మీదే కూర్చుంటుంది. మోసే బరువే పట్టు ఇస్తుంది. ఇది మీరు కాదనలేరు.

మామయ్య: కాదనను. గనిలో డంపరే రాజు. అక్కడ దారి కోసమే గ్రేడర్లు, నీళ్ల ట్యాంకర్లు రాత్రింబవళ్లు తిరుగుతుంటాయి. పని ఏళ్ల తరబడి ఒక్కచోటే, ఇంజను ఖాళీగా కూర్చునే రోజు లేదు. ఆ రెండూ ఉన్నచోట పెట్టె, ఇంజను కలిసి ఉండటమే మేలు. కానీ బరువు పట్టు ఇవ్వాలన్న సూత్రం ట్రాలీ వాళ్లకు తెలియదనుకోకు. హ్యారీ ఫెర్గూసన్ చేసిన చిన్న బూడిదరంగు ట్రాక్టరు గుర్తుందా? ఇంగ్లండులోని కోవెంట్రీలో 1946 నుంచి 1956 దాకా ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి. ట్రాక్టరు బరువు టన్ను పైచిలుకే. దాని వెనక మూడు టన్నుల టిప్పింగ్ ట్రాలీ! ఎలా లాగేది?

అల్లుడు: మీరే చెప్పండి, చెప్పకుండా ఉండలేరుగా.

మామయ్య: ట్రాలీకి ఒక్కటే ఇరుసు, దాన్ని బాగా వెనక్కి జరిపి పెట్టాడు. దాంతో బరువులో కొంత భాగం ముందుకు వాలి ట్రాక్టరు కొక్కెం మీద, అంటే దాని వెనక చక్రాల మీద పడుతుంది. ఎంత నింపితే అంత పట్టు. నువ్వు డంపర్‌కు ఇచ్చిన గొప్ప ఇక్కడా ఉంది, చిన్న మోతాదులో. డ్రైవరు సీటు దిగకుండానే హైడ్రాలిక్‌తో కొక్కెం ఎత్తి ట్రాలీని పట్టుకుంటాడు. ట్రాక్టరులో నూనె ఒత్తిడే పైపు గుండా ట్రాలీ జాకీని ఎత్తుతుంది. తర్వాత ఫెర్గూసన్, మాసీ హారిస్‌తో కలిశాడు. 1960లో మద్రాసులో టాఫే పెట్టి మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్లు చెయ్యడం మొదలుపెట్టారు. మన ఊళ్లలో మాసీ వెనక తిరిగే హైడ్రాలిక్ ట్రాలీ వంశం అదే.

అల్లుడు: వంశం గొప్పదే. వారసులు మాత్రం ఆ పాఠం మరిచిపోయారు. మన షెడ్లలో కట్టే ట్రాలీలు చూడండి. ఇరుసు ఎక్కడ పెట్టాలన్న లెక్క ఎవరు చూస్తున్నారు? బరువు మరీ వెనక్కి పోతే కొక్కెం పైకి లేస్తుంది, ట్రాక్టరు పట్టు పోతుంది. మరీ ముందుకు వస్తే ఎక్కుడులో ట్రాక్టరు ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి. చాలా ట్రాలీలకు బ్రేకులే ఉండవు. దిగుడులో వెనక నుంచి నాలుగు టన్నులు తోస్తుంటే ట్రాక్టరు పక్కకు మడతపడుతుంది. చెరువు కట్ట దిగుతూ బోల్తాపడిన ట్రాక్టర్ల వార్తలు మీరూ చదువుతున్నారు. ఇక రివర్సు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒక ఇరుసు ట్రాలీ అయితే స్టీరింగు ఎడమకు తిప్పితే వెనక కుడికి పోతుంది. నాలుగు చక్రాలదైతే రెండు మడతలు పడుతుంది, దాన్ని తిన్నగా వెనక్కి తెచ్చేవాడు మండలానికి ఒకడు కూడా ఉండడు.

మామయ్య: ప్రమాదాల మాట నిజం. దానికి నా దగ్గర ఎదురు మాట లేదు. ట్రాలీకి బ్రేకు పెట్టడం తెలియని విద్యేం కాదు, ఖర్చని మానేశారు. ఎత్తిన తొట్టి కింద దుంగ పెట్టకుండా దూరి గ్రీజు కొట్టే కుర్రాళ్లను నేనెన్నిసార్లు బయటికి లాగానో! పైపు తెగితే తొట్టి చెప్పి దిగదు. రివర్సు విషయంలో మాత్రం పాతవాళ్లు తెలివైనవాళ్లు. నాలుగు చక్రాల బండితో పనిచేసే చోట రివర్సు లేకుండానే దారి గీసేవారు. గుంతలోకి ఒక దారి, బయటికి ఇంకో దారి, కట్ట మీద ఒక చివర ఎక్కి ఇంకో చివర దిగడం. గుండ్రంగా తిరుగుతూ పోవడమే. యంత్రం లోపాన్ని దారితో కప్పిపుచ్చారు.

అల్లుడు: అంత స్థలం మనకెక్కడుంది? సరే, మన పనికే వద్దాం. చెరువు పూడిక. ప్రొక్లెయినర్ నింపుతుంది. కిలోమీటరు దూరం అనుకుందాం. ట్రాలీలో 3 క్యూబిక్ మీటర్లు పడుతుంది. నింపడం, పోవడం, కుమ్మరించడం, రావడం కలిపి పదమూడు నిమిషాలు వేసుకోండి. గంటకు నాలుగున్నర ట్రిప్పులు, సుమారు 14 మీటర్లు. పది చక్రాల టిప్పర్‌లో 12 మీటర్లు. నింపడానికి ఎక్కువ సేపు పట్టినా రోడ్డు మీద వేగంగా పోతుంది, దానికీ పదిహేను నిమిషాలు. గంటకు 48 మీటర్లు. అంటే ఒక టిప్పర్, ఒక డ్రైవరు ఉన్నచోట మీకు మూడు నాలుగు ట్రాక్టర్లు, ముగ్గురు నలుగురు డ్రైవర్లు కావాలి. వాళ్లలో ఒకడు టీ తాగడానికి ఆగితే వెనక వాళ్లందరూ ఆగుతారు.

మామయ్య: లెక్క బాగుంది. ఇప్పుడు రెండు చోట్ల మారుస్తాను చూడు. మొదటిది, తట్టలతో నింపే రోజుల్లో చూడు. ఒక ట్రాలీ నిండడానికి కూలీలకు అరగంటా ముప్పావుగంటా. టిప్పర్ అయితే అంతసేపూ దాని ఇంజను, కిస్తీ, డ్రైవరు జీతం నిలబడి ఉండాల్సిందే. ట్రాక్టరు మాత్రం నిండిన ట్రాలీని తగిలించుకుని, ఖాళీదాన్ని అక్కడ వదిలేసి వెళ్లిపోతుంది. పిన్ను తీసి పిన్ను పెట్టడమే. ఒక ఇంజను, రెండు మూడు పెట్టెలు. కూలీలకు ఖాళీ లేదు, ఇంజనుకూ ఖాళీ లేదు.

అల్లుడు: అదే నేను చెప్పేది! తట్ట పోయింది, బకెట్ వచ్చింది. నాలుగైదు బకెట్లకు ట్రాలీ నిండుతుంటే ఇంకో ట్రాలీని వదిలి వెళ్లే అవసరమేముంది? నింపేవాడి వేగం మారగానే మీ పిన్ను విద్య అక్కరకు రాకుండా పోయింది. రెండోది చెప్పండి.

మామయ్య: రెండోది పంచాంగం. నీ టిప్పర్‌కు పని లేని రోజు కూడా కిస్తీ ఉంటుంది. వానాకాలంలో నాలుగు నెలలు మట్టిపని పడుకుంటుంది. ట్రాక్టరు అప్పుడే దమ్ము చేస్తుంది, రోటవేటర్ తిప్పుతుంది. తర్వాత పత్తి, వడ్లు మార్కెట్‌కు తోలుతుంది. వేసవిలో చెరువు ఎండితే ట్రాలీ తగిలించుకుని మట్టికి వస్తుంది. మిషన్ కాకతీయ 2015 మార్చిలో మొదలైంది. రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువుల పని. తవ్వే ఖర్చు ప్రభుత్వానిది, పూడిక మట్టిని పొలానికి తోలుకునే ఖర్చు రైతుది. ఆ మట్టి తోలింది ఏవి? ఊళ్లలో అప్పటికే ఉన్న ట్రాక్టర్లు. ప్రతి ఊరికీ టిప్పర్లు కొని పెట్టాలంటే ఎన్నేళ్లు పట్టేది? దుక్కి దున్నే ఇంజనే ఒక్క పిన్నుతో మట్టిబండి అయింది. గట్ల మీదుగా, మెత్తని పొలం మధ్యలోకి వెళ్లి కుప్పలు పోసి వచ్చింది. నీ టిప్పర్ పొలం గట్టు దాకా వచ్చి ఆగిపోతుంది.

అల్లుడు: పొలంలో పొయ్యడానికి ట్రాక్టరే మేలని ఒప్పుకుంటాను. కానీ మామయ్యా, మీరు రెండు వేర్వేరు సంగతులను ఒకటి చేసి మాట్లాడుతున్నారు. బురదలో నడవడం ఒకటి, విడదీసి వాడుకోవడం ఇంకొకటి. స్వీడన్‌లో వోల్వో వాళ్లు 1966లో డీఆర్ 631 అని ఒక బండి తెచ్చారు, తెలుసా?

మామయ్య: తెలుసు. ట్రాక్టరు ముందు ఇరుసు తీసేసి, వెనక ట్రాలీని మధ్యలో మలుపు ఉండేలా జత చేశారు. ఇవాళ ప్రపంచమంతటా మెత్తని నేలలో నడిచే ఆ మలుపు డంపర్లన్నిటికీ మూలం అదే. ట్రాలీ ఓడిందన్నావు, అది గెలిచి నీ ఎదురుగా నిలబడింది!

అల్లుడు: గెలిచింది నిజమే, దేన్ని వదులుకుని గెలిచిందో చూడండి. ముందు ఇరుసు తీసేశాక ఆ ట్రాక్టరు మళ్లీ పొలం దున్నగలదా? లేదు. పిన్ను పోయింది, పెట్టె శాశ్వతంగా అతుక్కుపోయింది. మధ్యలో మలుపు మాత్రం మిగిలింది, ముందు సగం ఒక వైపు ఒరిగినా వెనక సగం ఇంకో వైపు ఒరిగినా చక్రాలు నేలను వదలకుండా. అంటే బురదకు కావాల్సింది ఆ మలుపు. ఇంజను వేరుగా ఉండటం కాదు. మట్టిపనిని గంభీరంగా తీసుకున్న ప్రతివాడూ చివరికి ఇంజనునూ పెట్టెనూ పెళ్లి చేసేశాడు. లెటర్నో టోర్నాపుల్‌ను కూడా కొన్నవాళ్లలో ఎంతమంది మధ్యాహ్నం స్క్రేపర్ విప్పి క్రేన్ తగిలించి ఉంటారు? ఒకసారి తగిలించాక అలాగే ఉంచేసేవారు.

మామయ్య: ఊఁ... ఈ దెబ్బ గట్టిదే. నేను రెండింటినీ కలిపేశాను, నిజం. అయితే నీ మాటనే నీకు తిప్పి చెబుతాను. మట్టిపని తప్ప వేరే పని లేని చోట పెళ్లి మేలు. ఆ పని ఏడాదిలో మూడు నెలలే అయిన చోట? మన ఊళ్లన్నీ అలాంటివే కదా. అక్కడ విడివిడిగా ఉండటం వల్లే ఇంజను బతుకుతోంది. ఇంకో లెక్క కూడా నువ్వు వెయ్యలేదు. నీ టిప్పర్ నడిచే రోడ్డు ఎవరిది?

అల్లుడు: పంచాయతీరాజ్‌ది. అందరిదీ.

మామయ్య: అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రంలో 1958 నుంచి 1960 దాకా ఒక పరీక్ష చేశారు. రకరకాల మందాల రోడ్లు వేసి, వాటి మీద రకరకాల బరువుల లారీలను తిప్పుతూనే ఉన్నారు. తేలింది ఏమిటంటే, ఒక ఇరుసు మీద పడే బరువు రెట్టింపైతే రోడ్డుకు తగిలే దెబ్బ రెట్టింపు కాదు, సుమారు 16 రెట్లు. నిండు ట్రాలీ ఇరుసు మీద నాలుగైదు టన్నులు. నీ పది చక్రాల టిప్పర్ వెనక ఇరుసుల మీద ఒక్కోదానికి పది టన్నులు. నువ్వు ఒక్క ట్రిప్పులో నాలుగు ట్రాలీల మట్టి తెస్తావు, నిజమే. కానీ ఆ నాలుగు ట్రాలీలు కలిసి చేసే నష్టానికి ఎన్నో రెట్లు నీ ఒక్క టిప్పర్ చేస్తుంది. ఊరి రోడ్డు నీ బరువుకు వేసింది కాదు. క్యూబిక్ మీటరుకు నువ్వు చెప్పే రేటులో ఆ రోడ్డు ఉందా?

అల్లుడు: దమ్ము చక్రాలు విప్పకుండా తారురోడ్డెక్కే ట్రాక్టర్లు చేసే నష్టం కూడా అందులో వెయ్యండి. రోడ్డును గొర్రుతో దున్నినట్టు చేస్తాయి.

మామయ్య: వేస్తాను. అది డ్రైవరు సోమరితనం, చక్రాలు మారిస్తే పోతుంది. నీ టిప్పర్ బరువు దేంతో పోతుంది?

అల్లుడు: సగం నింపితే పోతుంది. సగం నింపితే నేనూ పోతాను. వినండి మామయ్యా. పొలంలోకి మట్టి తోలడానికి, ఏడాదంతా వేరే పని ఉన్న ఇంజనుకు ట్రాలీ సరైనదే. ఇది ఇవాళ ఒప్పుకుంటున్నాను, రేపు మీరు పదిమందిలో అంటే కాదనను. కానీ నేను వేసే టెండర్‌లో క్యూబిక్ మీటరుకు రేటు ఎంత అని ఒక గడి ఉంటుంది. ఎన్ని రోజుల్లో అని ఇంకో గడి ఉంటుంది. రోడ్డు పాడైతే ఎవరు కట్టాలి అన్న గడి లేదు. అది లేనంత కాలం నాలుగు ట్రాక్టర్లు పెట్టినవాడు నా పక్కన నిలబడలేడు.

మామయ్య: అంటే ట్రాలీ పనిలో ఓడలేదు, కాగితంలో ఓడింది.

అల్లుడు: కాగితంలో ఓడినదాన్ని బ్యాంకు కూడా ఓడిందనే అంటుంది. మీరు ఫోర్‌మన్‌గా ఉన్నప్పుడు ఇంజనీర్లతో పోట్లాడి ఎన్ని మార్పించలేదు? ఆ గడి కూడా పెట్టించండి. ఇరుసు బరువును బట్టి రోడ్డు ఖర్చు టెండర్‌లోనే కొయ్యమనండి. మొదటి టెండర్‌కు నేనే పది ట్రాక్టర్లు కిరాయికి మాట్లాడతాను. ట్రాలీలకు బ్రేకులు ఉన్నవాళ్లనే పిలుస్తాను. అప్పటిదాకా టిప్పర్లే.